పెళ్లి వీడియో: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో పెళ్లి ఫోటోల గురించి రాసిన తరువాత, మరి వీడియోల మాటేమిటని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపి, ఎనిమిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. క్యాసెట్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాడిని కాబట్టి నా ఇష్టాయిష్టాలు అక్కడక్కడా బయటపడతాయి. వాటిని ఒక వృత్తిదారుడి అభిప్రాయాలుగా మాత్రమే తీసుకోండి.

ప్రశ్న: మా పెళ్లి వీడియో కోసం ముగ్గురిని కలిశాము. ఒకరు 'సినిమాటిక్' అంటున్నారు, మరొకరు 'డాక్యుమెంటరీ' అంటున్నారు, మూడోవారు 'ఎడిటోరియల్' అంటున్నారు. చూపించిన నమూనాలన్నీ బాగానే ఉన్నాయి. వీటిలో తేడా ఏమిటి, ఏది ఎంచుకోవాలి?
— త్వరలో పెళ్లికూతురు కాబోతున్న పాఠకురాలు

జవాబు: నమూనాలన్నీ బాగుండడంలో వింతేమీ లేదు. ఎవరైనా తాము తీసినవాటిలో ఉత్తమమైన మూడు నిమిషాలనే చూపిస్తారు. అసలు తేడా పెళ్లిరోజు వారు మీతో ఎలా మెలుగుతారన్నదానిలో, చివరికి చేతికి వచ్చే వీడియోలో మీ మాటలు మీకు వినిపిస్తాయా లేదా అన్నదానిలో ఉంటుంది.

సినిమాటిక్ అనే ఒరవడి ఎలా పుట్టిందో తెలిస్తే మిగిలినవి సులభంగా అర్థమవుతాయి. భుజం మీద పెట్టుకుని తీసే పాత క్యామ్‌కార్డర్లలో సెన్సర్, అంటే వెలుగును పట్టి బొమ్మగా మార్చే పలక, చిన్నది కావడం వల్ల ముందున్న మనిషీ వెనకున్న గోడా ఇంచుమించు ఒకే స్పష్టతతో పడేవి. 2008లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ 2, ఫోటోలు తీసే కెమెరాతోనే, పెద్ద సెన్సర్ మీద ఫుల్ హెచ్‌డీ వీడియో తీసే వీలు కల్పించింది. వెనకంతా మసకబారి ముఖం ఒక్కటే తేటగా నిలిచే ఆ దృశ్యం చూసి మాలో చాలామందికి మతిపోయింది. అయితే ఆ కెమెరాలో ఒక్కో షాట్ సుమారు 12 నిమిషాలకు మించి రికార్డయ్యేది కాదు, అందులో పడే ధ్వని కూడా అంతంతమాత్రమే. అందువల్ల చిన్న చిన్న ముక్కలు తీసి, వాటిని ఒక పాట మీద పేర్చుకుంటూ పోయే పద్ధతి అలవాటైంది. ఇవాళ మనం ఒక శైలిగా మెచ్చుకుంటున్నదానిలో సగం, ఆనాటి యంత్రం పెట్టిన ఇబ్బందుల నుంచి వచ్చినదేనని నా నమ్మకం. కెమెరాలు మారి ఆ ఇబ్బందులు పోయాయి గానీ అలవాటు మాత్రం పోలేదు.

దీనికి తోడైనది స్లో మోషన్. సెకనుకు 120 ఫ్రేములు తీసి వాటిని 24 చొప్పున చూపిస్తే, ఒక్క సెకను ఐదు సెకన్లుగా సాగుతుంది. చూడడానికి హుందాగా ఉంటుంది కానీ, అలా సాగదీసిన చోట మాట వినిపించదు. పది నిమిషాల వీడియోలో ఎనిమిది నిమిషాలు స్లో మోషనే అయితే, ఆ ఎనిమిది నిమిషాలూ మీ ఇంటివారందరూ మూగవారే.

డాక్యుమెంటరీ శైలి దీనికి ఎదురుగా వచ్చింది. జరిగినదాన్ని జరిగిన వేగంలో, జరిగిన వరుసలో, మాటలతో సహా చూపించడం దీని పద్ధతి. కెమెరామన్ ఎవరినీ 'ఇటు చూడండి, మళ్లీ ఒకసారి నవ్వండి' అని అడగడు. ఎడిటోరియల్ అన్నది ఫ్యాషన్ పత్రికల పుటల నుంచి వచ్చిన పోకడ: నిలకడైన ఫ్రేములు, సూటిగా పడే వెలుగు, ఆలోచించి నిలబెట్టిన భంగిమలు. దీనికి మీ సమయం కావాలి, వారు చెప్పినట్లు నిలబడే ఓపిక కావాలి, ఆ సమయం బంధువులతో గడపవలసిన గంటల్లోంచే పోతుంది.

నా సలహా అడిగారు కనుక చెబుతున్నాను. టీజర్లు చూసి నిర్ణయించుకోవద్దు. ఒకే పెళ్లికి సంబంధించిన పూర్తి వీడియోను మొదటి నుంచి చివరి వరకు చూపించమనండి, అది కూడా వెలుతురు సరిగా లేని చోట జరిగిన పెళ్లి అయితే మరీ మంచిది. చూస్తున్నప్పుడు ముక్కూమొహం తెలియని ఆ కుటుంబంలో ఎవరు ఎవరో మీకు అర్థమవుతున్నదా అని గమనించండి. అర్థమైతే ఆయనకు పని వచ్చినట్లే, శైలి పేరు ఏదైనా సరే.

ప్రశ్న: ఫోన్‌తో రీల్స్ తీసి అదే రోజు ఇచ్చే కంటెంట్ క్రియేటర్లు ఇప్పుడు పెళ్లిళ్లకు వస్తున్నారు. వీడియోగ్రాఫర్ ఉండగా వీరు కూడా అవసరమా?
— పెళ్లికొడుకు అన్నయ్య

జవాబు: తప్పనిసరి కాదు, అనవసరమూ కాదు. 2016లో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీస్, 2020లో రీల్స్ వచ్చిన తరువాత నిలువు వీడియో చూసే అలవాటు బలపడింది. పెళ్లి ముగిసిన నాలుగు నెలలకు వచ్చే వీడియో కోసం స్నేహితులు ఆగరు. వారికి ఆ రాత్రికే ఏదో ఒకటి కావాలి. ఈ కొత్త వృత్తి ఆ కోరికకే పుట్టింది.

అడ్డంగా తీసిన 4కే వీడియోలోంచి నిలువు ముక్కను కోసుకోవచ్చు కదా అని కొందరంటారు. లెక్క ప్రకారం కుదురుతుంది: 3840×2160 చిత్రం మధ్యలోంచి నిలువుగా కోస్తే 1215×2160 మిగులుతుంది, రీల్‌కు కావలసిన 1080×1920 కంటే అది ఎక్కువే. చిక్కు లెక్కలో లేదు, కూర్పులో ఉంది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిని అడ్డం ఫ్రేములో అందంగా పట్టి, తరువాత నిలువుగా కోస్తే ఒకరి భుజమూ మరొకరి చెవీ మిగులుతాయి. ఇందుకే కొన్ని కొత్త కెమెరాలు సెన్సర్ మొత్తాన్నీ రికార్డు చేసే 'ఓపెన్ గేట్' పద్ధతిని ఇస్తున్నాయి; దానితో అడ్డంగానూ నిలువుగానూ కోసుకునే వెసులుబాటు కొంత పెరుగుతుంది.

ఇద్దరినీ పెట్టుకుంటే ముందుగానే ఒకరికొకరిని పరిచయం చేసి, ముఖ్యమైన ఘట్టాల్లో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చండి. ఫోన్ పట్టుకున్న మనిషి సరిగ్గా ప్రధాన కెమెరా ముందుకు వచ్చి నిలబడడం ఈ మధ్య మేము తరచు పడుతున్న బాధ. రీల్ ముందుగా ఎవరి ఖాతాలో రావాలో కూడా మాట్లాడుకోండి, ఎందుకంటే అలకలు మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: మా పెళ్లి వీడియోను యూట్యూబ్‌లో పెట్టగానే హక్కుల పేరుతో నోటీసు వచ్చింది, మరోచోట ధ్వని మొత్తం ఆగిపోయింది. సినిమా పాటకు మేము డబ్బు కట్టి కొన్న యాప్ ఉంది కదా?
— కొత్త దంపతులు

జవాబు: మీరు కట్టిన చందా పాటను వినడానికి మాత్రమే. దాన్ని మీ దృశ్యాలకు జోడించి ప్రచురించడం వేరే హక్కు. యూట్యూబ్‌లో 2007 నుంచి కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. హక్కుదారులు ఇచ్చిన పాటల జాడలతో పైకెక్కే ప్రతి వీడియోనూ అది పోల్చి చూస్తుంది, కాబట్టి మనిషి ఎవరూ ఫిర్యాదు చేయకుండానే నోటీసు వస్తుంది. మీ వీడియోగ్రాఫర్‌ను రెండు ప్రతులు అడగండి: ఇంట్లో చూసుకోవడానికి మీకు నచ్చిన పాటతో ఒకటి, నలుగురిలో పెట్టడానికి లైసెన్సు ఉన్న సంగీతంతో మరొకటి. ఎడిటింగ్ మొదలుకాక ముందు అడిగితే ఇది చిన్న పని. పాట తాళానికి కత్తిరించిన వీడియోలో తరువాత పాట మార్చడం అంటే మళ్లీ మొదటి నుంచి కూర్చడమే.

ప్రశ్న: మా పెద్దమ్మాయి పెళ్లి వీడియోలో ఒక్కరి మాటా వినిపించదు, అంతా సంగీతమే. మా అత్తగారు ఆ రోజు దీవిస్తూ చెప్పిన నాలుగు మాటలు ఇప్పుడు వినాలని ఉన్నా దారి లేదు, ఆవిడ కాలం చేశారు. చిన్నమ్మాయి పెళ్లికి ఇలా జరగకుండా ఏం చెప్పాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా ఆ పాత వీడియో తీసినవారిని కలిసి, ఎడిటింగ్‌కు ముందున్న ఫుటేజీ ఏమైనా మిగిలి ఉందేమో అడగండి. కెమెరాకు ఉండే చిన్న మైకులో ఎంతో కొంత ధ్వని పడి ఉంటుంది, సంగీతం కింద దాన్ని పూర్తిగా తగ్గించి ఉంటారు. అది దొరికితే హోరులోంచి గొంతును వేరు చేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. వాటితో గొంతు కొంచెం నీళ్లలోంచి వస్తున్నట్లు వినిపించవచ్చు, కానీ మాట అర్థమవుతుంది.

ఇక చిన్నమ్మాయి పెళ్లి సంగతి. పదిమందిలో తొమ్మిదిమంది కెమెరా ఏమిటి, ఎన్ని డ్రోన్లు అని అడుగుతారే తప్ప, మైకులు ఎన్ని అని అడిగినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. మీరు అడగండి. కెమెరా పది అడుగుల దూరంలో ఉంటే దాని మైకుకు, మాట్లాడే మనిషి కంటే పక్కన గుసగుసలాడే మనిషే దగ్గర. అందుకే ముఖ్యమైనవారి దుస్తులకు చిన్న కాలర్ మైకు పెట్టాలి: వధూవరుల్లో ఒకరికి, వేడుకను నడిపించేవారికి, మాట్లాడబోయే పెద్దలకు. వైర్‌లెస్ మైకులో సంకేతం మధ్యలో తెగే ప్రమాదం ఉంది కాబట్టి, మైకులోనే రికార్డింగ్ కూడా జరిగే రకం మేలు. 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డు చేసే పరికరాలు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి. గుసగుసగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా గట్టిగా నవ్వినా, మైకు తట్టుకున్నంత వరకు, ఆ ధ్వనిని తరువాత పగలకుండా తగ్గించుకోవచ్చు.

వేదిక మీద మైకు పట్టుకుని మాట్లాడేవారి ధ్వనిని సౌండ్ సిస్టమ్ నుంచే నేరుగా వైరుతో తీసుకోవాలి. అదొక్కటే సరిపోదు. నేరుగా తీసుకున్న ధ్వనిలో మాట మాత్రమే ఉంటుంది, జనం నవ్వూ చప్పట్లూ ఉండవు. ఖాళీ గదిలో ఒక్కడే జోకు చెప్పుకుంటున్నట్లు ఉంటుంది. జనం మధ్యలో ఇంకొక మైకు పెట్టి రెంటినీ కలిపితేనే ఆ చోటు మళ్లీ మనకు చెవిలో పడుతుంది. మరొక చిన్న సంగతి: పెద్దవారు కూర్చునే చోటికి ఎదురుగా లౌడ్ స్పీకర్ పెట్టించవద్దు. ఏ ఎడిటరూ ఆ హోరులోంచి పూర్తిగా బయటపడలేడు.

ఒప్పందం చేసుకునేటప్పుడు, పెద్దల మాటలు సంగీతం లేకుండా పూర్తిగా ఒక వేరే ఫైలుగా ఇవ్వమని రాయించుకోండి. దీనికి ఎడిటింగ్ దాదాపు అక్కర్లేదు కాబట్టి ఎవరూ కాదనరు. ఇంత పరికరాల గోల మాకు వద్దనుకుంటే, ఏ మూల గదిలోనో తలుపు వేసి ఒక్కొక్క పెద్దను రెండేసి నిమిషాలు మాట్లాడించి తీయమనండి, దానికి ఒక మైకు చాలు.

ప్రశ్న: డ్రోన్ లేకుండా పెళ్లి వీడియో ఉండదా?
— వధువు తండ్రి

జవాబు: నిక్షేపంగా ఉంటుంది. పూర్తి వీడియోలో డ్రోన్ దృశ్యాలకు దక్కేది మహా అయితే అర నిమిషం: చోటు ఎలాంటిదో చూపే ఒకటి, ఊరేగింపు ఉంటే ఒకటి, ముగింపుకు ఒకటి. వేడుక జరుగుతున్నప్పుడు నెత్తి మీద తేనెటీగల గుంపులా రొద చేస్తూ ఎగిరితే అందరి చూపూ పైకే పోతుంది, నడుస్తున్న రికార్డింగు ధ్వనీ పాడవుతుంది. జనం మీదుగా ఎగరేయనివ్వకండి. రెక్క తగిలితే గాయమవుతుంది. చాలా దేశాల్లో 250 గ్రాముల లోపు డ్రోన్లకు నిబంధనలు కొంత సడలింపుగా ఉంటాయి, 2019లో వచ్చిన మావిక్ మినీ అనే డ్రోన్‌ను 249 గ్రాములకు కుదించింది అందుకే. అయినా చిన్నదైతే అనుమతి అక్కర్లేదని అన్ని చోట్లా అనుకోవడానికి లేదు. మీ ప్రాంతపు నిబంధన ఏమిటో, అనుమతి ఎవరు తీసుకుంటారో కాగితం మీద ఉండాలి.

ప్రశ్న: పాతకాలపు సూపర్ 8 ఫిల్ము మీద పెళ్లి తీయించుకోవడం ఇప్పుడు ఫ్యాషనట. ఫోన్‌లో ఫిల్టరు వేస్తే అదే వస్తుంది కదా, అంత ఖర్చు ఎందుకు?
— ఒక కళాశాల విద్యార్థి

జవాబు: సూపర్ 8 ను కోడాక్ 1965లో ఇళ్లలో వాడుకోవడానికి తెచ్చింది. ఒక కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్ము ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే రెండున్నర నిమిషాలకు, 18 చొప్పున తీస్తే మూడు నిమిషాల 20 సెకన్లకు అయిపోతుంది. ధ్వని ఉండదు. తీసింది ఎలా వచ్చిందో ల్యాబులో కడిగి స్కాన్ చేసే వరకు తెలియదు. వెలుతురు తక్కువైన గదిలో దాదాపు ఏమీ పడదు.

ఇన్ని లోపాలున్నదాన్ని ఎందుకు కోరుకుంటున్నారంటే, నా ఉద్దేశంలో, రంగుల కోసం కన్నా ఆ కొరత కోసమే. రెండున్నర నిమిషాలే ఉన్నప్పుడు తీసేవాడు ఆచితూచి మీట నొక్కుతాడు. రోజంతా నొక్కిన మీట వదలకుండా తీసే డిజిటల్ కెమెరాకు ఆ జాగ్రత్త రాదు, ఫిల్టరుకు అసలే రాదు. ఫిల్టరు అందరి వీడియో మీదా ఒకే గీతల్నీ ఒకే మరకల్నీ వేస్తుంది. పది చూసేసరికి గుర్తుపట్టేస్తారు. అంతమాత్రాన పెళ్లి మొత్తం ఫిల్ము మీదే తీయించుకోమని చెప్పను. డిజిటల్ కెమెరాలు తమ పని తాము చేస్తుండగా, ఆరుబయట, మంచి వెలుతురులో, రెండు మూడు కార్ట్రిడ్జ్‌లు చాలు. ఆ స్థోమత లేకపోతే ఇంట్లో మూలపడిన పాత మినీ డీవీ (చిన్న డిజిటల్ టేపు మీద రికార్డు చేసే) క్యామ్‌కార్డర్‌ను బాగుచేయించి ఎవరైనా చిన్నపిల్లల చేతికి ఇచ్చి చూడండి. వారి ఎత్తు నుంచి కనిపించే పెళ్లిని ఏ వీడియోగ్రాఫరూ తీయలేడు.

ప్రశ్న: నేను కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చాను. ఒక కుటుంబం, చనిపోయిన తండ్రి కూతురి పెళ్లిలో నిలబడి ఉన్నట్లు కృత్రిమ మేధతో చూపించమని అడిగింది. మరొకరు, తమతో మాటలు లేని ఒక బంధువును వీడియోలోంచి పూర్తిగా తీసేయమన్నారు. రెండూ సాంకేతికంగా సాధ్యమే. చేయవచ్చా?
— యువ వీడియోగ్రాఫర్

జవాబు: ముందు ఒక గీత గీసుకుందాం. గంటల కొద్దీ ఫుటేజీలో ఫలానా మాట ఎక్కడ ఉందో రాతగా మార్చి వెతకడం, వేర్వేరు కెమెరాల రంగులను కలపడం, హోరు తగ్గించడం, ముఖాలను బట్టి షాట్లను వేరు చేసుకోవడం వంటి పనులకు ఈ సాధనాలను నేను సంకోచం లేకుండా వాడుతున్నాను. వారం పట్టే చాకిరీ రెండు రోజులకు వస్తున్నది. వెనక గోడ మీద వేలాడుతున్న వైరును చెరిపేయడం కూడా అలాంటిదే. అయితే అతిథుల ముఖాలున్న ఫుటేజీని బయటి సర్వర్లకు పంపించే సాధనమైతే, ఆ సంగతి కుటుంబానికి ముందే చెప్పాలి.

మీరు అడిగిన రెండూ ఆ గీతకు అవతల ఉన్నాయి. మొదటిదాని వెనక ఉన్న దుఃఖం నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కానీ ఆ తండ్రి నవ్వూ చూపూ యంత్రం ఊహించినవి, ఆయనవి కావు. ఇవాళ కన్నీళ్లు తెప్పించిన ఆ దృశ్యం, కొన్నేళ్లకు పిల్లలకు అసలు జ్ఞాపకాన్ని చెరిపేసే ప్రమాదం ఉంది. నేనైతే ఆ కుటుంబం దగ్గర ఉన్న పాత వీడియోలూ ఫోన్‌లో మిగిలిన వాయిస్ మెసేజీలూ తెప్పించి, ఆయన నిజమైన గొంతును కూతురు పెళ్లికి సిద్ధమవుతున్న దృశ్యాల మీద వినిపిస్తాను. ఒకసారి అలా చేశాను. కేవలం పదకొండు సెకన్లు, 'తిన్నావా, జాగ్రత్తగా రా' అన్న మాటలు, అంతే. ఆ ఇంటివారు తరువాత మరేమీ అడగలేదు. అప్పటికీ సృష్టించిన దృశ్యమే కావాలంటే, తల్లితో సహా దగ్గరివారందరి ఒప్పుదల తీసుకుని, ప్రధాన వీడియోలో కలపకుండా, ఇది కృత్రిమంగా చేసినదని దాని మీదే కనిపించేలా రాసి, వేరే ముక్కగా ఇవ్వండి.

రెండోదానికి జవాబు చిన్నది. ఆ బంధువు ఉన్న షాట్లు వాడకుండా ఎడిట్ చేయవచ్చు, అది ఎంపిక. ఉన్న షాట్‌లోంచి మనిషిని తుడిచేయడం అబద్ధం. పైగా మాటలు మళ్లీ కలిసిన రోజున మీ దగ్గరికే వస్తారు.

ప్రశ్న: మా పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్ బీరువాలో ఉంది, చూడడానికి వీసీఆర్ లేదు. మా అబ్బాయి పెళ్లి వీడియోను పెన్ డ్రైవ్‌లో ఇస్తామంటున్నారు. రెండింటినీ ఎలా కాపాడుకోవాలి?
— పదవీ విరమణ చేసిన పాఠకుడు

జవాబు: క్యాసెట్‌ను ముందు చూడండి, అది తొందర పని. వీహెచ్ఎస్ 1976లో మార్కెట్లోకి వచ్చింది. వీసీఆర్లను చివరివరకు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. అంటే ఇప్పుడు పనిచేస్తున్న ప్రతి యంత్రమూ పాతదే, ఏటేటా తగ్గిపోయేదే. టేపు మీది అయస్కాంత పూత కూడా తేమకూ వేడికీ నెమ్మదిగా దెబ్బతింటుంది. బూజు కనిపిస్తే మీరే యంత్రంలో పెట్టి చూడకండి, టేపు చుట్టుకుపోతుంది. డిజిటల్‌లోకి మార్చేవారికి అలాగే ఇవ్వండి. మార్చిన తరువాత కూడా అసలు క్యాసెట్‌ను పారేయవద్దు.

అబ్బాయి వీడియోకు పెన్ డ్రైవ్ చేరవేతకు పనికొస్తుంది, దాచుకోవడానికి కాదు. కనీసం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి మరో ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే పద్ధతి. ఎడిట్ చేయని ఫుటేజీ కూడా కావాలంటే దాని పరిమాణం తెలుసుకుని అడగండి. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే ఒక్క కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. మూడు కెమెరాలు ఎనిమిది గంటలు తిరిగితే వెయ్యి జీబీ దాటుతుంది. పెద్ద హార్డ్ డిస్కు మీరే కొనివ్వాలి. చాలామంది వీడియోగ్రాఫర్లు కొన్ని నెలల తరువాత ఫుటేజీ చెరిపేస్తారు కాబట్టి ఆ గడువు ఒప్పందంలో ఉందేమో చూడండి. హార్డ్ డిస్కును బీరువాలో పెట్టి మరచిపోకుండా ఏడాదికొకసారి తెరిచి చూసి, నాలుగైదేళ్లకొకసారి కొత్తదానిలోకి ఎక్కించండి.

పాత క్యాసెట్‌ను మార్చిన తరువాత చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి దాన్ని వేసి, తెర మీదికి వచ్చినవారి పేర్లూ వరసలూ వారి చేత చెప్పించి, ఎన్నో నిమిషంలో ఎవరున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. వారు చెబుతున్నది ఫోన్‌లో రికార్డు కూడా చేసి, ఆ ఫైలును వీడియోతో పాటు అదే ఫోల్డరులో పెట్టండి.